నత్త కట్టిన మేడలు

కిందటివారం మనం పొడుగమ్మాయిని కంప్యూటర్ ముందు నోరు వెళ్ళబెట్టి కూర్చున్న చోట వదిలేశాం. పెళ్ళిఫొటోలో పెళ్ళికొడుకు కంటే జానెడు ఎత్తు కనిపించిందని అత్తింటివాళ్ళలో ఎవరో పెట్టిన పేరది, అలాగే ఉండిపోయింది. ఆమె రాసిన ప్రోగ్రాం పేరు ‘గుమ్మం’.

ఒక పాత కంప్యూటర్ ఆట ఉంది. చేతిలో లాంతరు, నడుముకు తాళాలగుత్తి. చీకటి మేడలో కాపలావాళ్ళ కంటపడకుండా దారి వెతుక్కుని బయటపడాలి. ఆట చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో వదిలేసినా ఆడేవాళ్ళు వదల్లేదు. తామే కొత్తకొత్త మేడలు కట్టి ఒకరికొకరు పంచుకుంటూ వచ్చారు. ఇదివరకు అలాంటి మేడ ఒకటి ఆడాలంటే ఎక్కడో వెతికి దించుకుని, ఫైళ్ళు ఒక్కొక్కటీ సరైన చోట పెట్టి, నల్లటి తెరమీద అర్థంకాని వాక్యం టైపు చేస్తేగానీ తలుపు తెరుచుకునేది కాదు. గుమ్మం వచ్చాక ఆ బాధ తీరింది. మేడలన్నీ బొమ్మలతో వరసగా కనిపిస్తాయి. నచ్చినదాని మీద ‘లోపలికి’ అన్న బటన్ నొక్కితే చాలు, ఆట తనంతట తనే తెరుచుకుని మనల్ని ఆ మేడ వాకిట్లో నిలబెడుతుంది.

అన్నిటిలోకీ పేరున్నవి ‘నత్త’ అనే మనిషి కట్టిన మేడలు. ఆ నత్త ఎవరో ఎవరికీ తెలియదు. ఆట కంపెనీవాళ్ళు ఆ పాత ఆటనే మళ్ళీ విడుదల చేయబోతున్నారు. నచ్చితే గుమ్మాన్ని దాంతో కలిపి ఇస్తామన్నారు. చూడ్డానికి రేపు పొద్దున్న వస్తున్నారు, ముఖ్యంగా నత్త మేడలు చూపించమన్నారు. సరిగ్గా ఇలాంటప్పుడు నత్త నుంచి కబురు: ‘నా మేడలన్నీ తీసెయ్యండి. ఒక్కటి కూడా మిగలకూడదు.’ ఎవరైనా ఆకతాయి పనేమోనని, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసింది పొడుగమ్మాయి.

వచ్చింది తన ఇంట్లోంచే.

*

ముందు మొగుడికి ఫోన్ చేసింది. అతను కళ్ళద్దాల షాపులో ఎవరి కంటికో కొలత చూస్తున్నాడు.

“నిజం చెప్పు. నత్తవి నువ్వేనా?”

అవతల నవ్వు. “నేనా? మొదటి తలుపు దగ్గరే కాపలావాడికి దొరికిపోయే మొహం నాది. మేడ కట్టడం కూడానా! ఉంటాను, ఇక్కడ ఒకాయన అక్షరాలు చదవడానికి రెడీగా కూర్చున్నాడు.”

అబద్ధం ఆడటం చేతకాని మనిషి. ఆడితే గొంతు సన్నబడుతుంది. ఇప్పుడు సన్నబడలేదు. అంటే ఇంట్లో మిగిలింది ఒక్కరే.

పొడుగమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి కాసేపు పైకప్పుకేసి చూసింది. అత్తగారు! ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. వంటింటి పక్క గదిలో కొడుకు వాడి పక్కన పడేసిన పాత కంప్యూటర్ పెట్టుకుని, మధ్యాహ్నాలు తలుపు ఓరగా వేసుకుని కూర్చుంటుంది. పేకముక్కలు పేర్చుకునే ఆట ఆడుకుంటోందని అందరూ అనుకున్నారు. ఆవిడ కాదనలేదు. అత్తాకోడళ్ళ మధ్య ఏనాడూ గొడవ రాలేదు. గొడవ పడేంత దగ్గరికి ఇద్దరూ వచ్చిందీ లేదు. ఒకరికొకరు కాఫీ ఇచ్చుకుంటారు, తలుపు తాళం వేశారా అని అడుగుతారు, అంతే.

సూటిగా అడిగితే? ‘నాకేం తెలుసమ్మా’ అని చేతులు దులుపుకుని లేచిపోతుంది. ఆవిడ ఒకసారి కాదందంటే ఆ తర్వాత భూమి బద్దలైనా అవుననదు. పొడుగమ్మాయికి ఆ సంగతి తెలుసు. అడగడం కంటే మంచి దారి ఒకటి ఉందని కూడా తెలుసు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వంటింట్లోకి నడిచింది.

అత్తగారు బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, “ఏమ్మా, మీ గదిలో ఫాన్ పాడైందా?” అంది.

“లేదత్తయ్యా. అక్కడ ఒక్కదాన్నీ కూర్చుంటే ఏమీ తోచడం లేదు.”

ఎదుటి కుర్చీలో కూర్చుని, తెర ఆవిడకి కూడా కనిపించేలా కాస్త వంకరగా తిప్పి, గుమ్మం తెరిచి నత్త మేడల్లో ఒకదాన్ని ఎంచుకుంది. మరబొమ్మల మేడ. ఆ మేడలో ఉత్తరంవైపు గది తలుపు ఇంతవరకూ ఎవరూ తెరవలేకపోయారు. ఎవరైనా తెరిచిన గదులే గుమ్మం చూపించే పటంలోకి ఎక్కుతాయి కాబట్టి, పటంలో కూడా ఆ తలుపు వెనక నల్లగానే ఉంటుంది. అసలది తలుపే కాదు, గోడమీద గీసిన బొమ్మ అని కొందరు, తాళంచెవి నత్త పెట్టడం మర్చిపోయాడని కొందరు, జనం జట్లుగా విడిపోయి వాదించుకుంటున్నారు. పొడుగమ్మాయి తిన్నగా ఆ తలుపు దగ్గరికి పోయింది. ఒక తాళంచెవి పెట్టింది. ఇంకొకటి పెట్టింది. భుజంతో తోసింది. లాంతరు కింద పెట్టి మళ్ళీ తోసింది. కాపలావాడు వచ్చి పట్టుకున్నాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ వచ్చి మళ్ళీ తోసింది.

ఉల్లిపాయలమీద కత్తి చప్పుడు నెమ్మదించింది.

“ఛీ ఛీ, ఇది తెరుచుకునే తలుపు కాదు,” అంది పొడుగమ్మాయి తనలో తను అనుకున్నట్టు. “కట్టినవాడికి పని తెలియక వదిలేసి ఉంటాడు.”

కత్తి ఆగింది.

“తలుపు పెట్టేవాడికి అటువైపు గది కట్టాలని కూడా తెలియకపోతే ఎలా? గాలిలో తలుపులు! ఇలాంటివాణ్ణి పట్టుకుని జనం నెత్తిన...”

“గది ఉంది!” అంది అత్తగారు.

పొడుగమ్మాయి తల తిప్పలేదు. ఊపిరి బిగపట్టి మళ్ళీ ఒకసారి తలుపు తోసింది.

“తోస్తావేమే అలా గేదెలాగా! లోపలికి తెరుచుకుంటే గదిలో మెట్లకి అడ్డం రాదూ? ఏ తలుపైనా ఎటు తెరుచుకోవాలో గదిని బట్టి కదా ఉంటుంది. లాగు. కింద గడియ ఉంది, వంగి చూడు. లాంతరు ఆర్పెయ్యి, వెలుతురుంటే ఆ గడియ గోడలో కలిసిపోతుంది.”

పొడుగమ్మాయి లాంతరు ఆర్పింది, వంగింది. చీకట్లో ఇత్తడి గడియ ఒక్కటే సన్నగా మెరిసింది. లాగితే తలుపు వచ్చేసింది. లోపల మెట్లు కిందికి దిగుతున్నాయి. అడుగున ఎక్కడో మరబొమ్మలన్నీ ఒక్కసారిగా కదలడం మొదలుపెట్టిన చప్పుడు వినపడింది.

పొడుగమ్మాయి నెమ్మదిగా ల్యాప్‌టాప్ నుంచి చెయ్యి తీసి అత్తగారికేసి చూసింది. ఉల్లిపాయల ఘాటుకో మరి దేనికో ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నమస్కారం నత్తగారూ,” అంది పొడుగమ్మాయి.

*

అత్తగారు కత్తి కడిగి తుడిచి సొరుగులో పెట్టింది. చేతులు కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. ఆ తర్వాత వచ్చి కూర్చుని, “గేదె అన్నందుకు ఏమీ అనుకోకు,” అంది.

“గేదె సంగతి తర్వాత. మీరు నా గురించి రాసినవన్నీ గుర్తున్నాయా? ‘గుమ్మం చేసినవారు మేడల్లో ఎన్నడూ నడిచినట్టు లేదు.’ ‘ఈ మార్పు చూస్తే కళ్ళు కడుక్కోవాలనిపించింది.’ అవి చదివి ఇదే బల్ల దగ్గర కూర్చుని మీకే చెప్పుకున్నాను, ఆ నత్త మనిషి కాదు రాక్షసుడు అని. మీరు ఇంకో దోసెడు చక్కెర కలిపినంత తియ్యగా ‘పోనీలే అమ్మా, పట్టించుకోకు’ అన్నారు!”

“పట్టించుకోకు అని నేననగానే నువ్వు నిజంగానే పట్టించుకోలేదు. అందుకే తీసెయ్యమన్నాను.”

ఆ గొంతులో తప్పు చేసి దొరికిపోయిన జంకు లేదు. ఆఫీసులో బల్లకి అడ్డంగా కాగితం పరిచి ‘ఇక్కడ చూడండి’ అనే మనిషి గొంతు అది. పెళ్ళయి ఇన్నేళ్ళలో పొడుగమ్మాయి ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

“నువ్వు ఈమధ్య ప్రతి మేడకీ పైకప్పు ఊడదీసి పటం పెట్టావు. నొక్కకముందే ఏ గది ఎక్కడుందో, ఏ మెట్లు ఎటు పోతాయో అంతా కనిపిస్తోంది. బావి మేడ ఆడావా?”

“ఆడాను. ఆ బావిలోంచి పైకి వచ్చినప్పుడు...” పొడుగమ్మాయి ఆగింది. పొగడటానికి రాలేదు కదా తను.

“వచ్చినప్పుడు వెలుతురు కనిపిస్తుంది. ఆ కాస్త వెలుతురు కోసం అంత చీకటి కట్టానమ్మా నేను. మనిషి అందులో తప్పిపోవాలి, కాస్త భయపడాలి, ఇక దారి లేదనుకోవాలి. నువ్వు ఆ వెలుతురుని తీసుకుపోయి అట్టమీద అచ్చేశావు. తప్పిపోవడానికి ఇంకేం మిగిలింది?”

మాట గట్టిగానే తగిలింది. అయినా పొడుగమ్మాయి తల దించుకునే రకం కాదు.

“ఒక మాట నేనూ అడుగుతాను. పటం పెట్టకముందు ఏం జరిగేదో మీకు తెలుసా? అందరూ మీ మేడలే ఆడేవాళ్ళు. మీ పేరు తెలుసు కాబట్టి. కొత్తగా కట్టినవాళ్ళ మేడ మొహం కూడా చూసేవాళ్ళు కాదు. ఒక నర్సు కట్టిన ఆస్పత్రి మేడ ఉంది, ఎన్నాళ్ళో అలా మూలపడి ఉంది. పటం పెట్టాక, ఇదేంటి ఇంత వింతగా ఉందని జనం లోపలికి వెళ్ళారు. ఇప్పుడు ఆవిడ ఇంకొకటి కడుతోంది.”

“ఆ ఆస్పత్రి నేనూ ఆడాను,” అంది అత్తగారు. “బాగుంది. వరండా కాస్త ఇరుకు.”

“అదే చెబుతున్నా! పటం లేకపోతే మీరైనా ఆడేవారా?”

అత్తగారు చూపు కిటికీకేసి తిప్పుకుంది. బయట ఎదురింటి పైపుమీంచి నీళ్ళు కారుతున్నాయి.

“ఇదంతా నాతో చెప్పడానికి నోరు రాలేదా అత్తయ్యా? ఒకే ఇంట్లో ఉన్నాం.”

“చెప్పాను. నత్తగా చెప్పాను. నువ్వేం జవాబిచ్చావు? ‘పరిశీలిస్తాం’ అన్నావు. ఆ మాట ఆఫీసులో బతుకంతా విన్నాను. మెట్లు ఇంత నిటారుగా ఉంటే ముసలివాళ్ళు ఎలా ఎక్కుతారండీ అంటే పరిశీలిస్తాం. ఈ గదికి కిటికీ ఉండాలండీ అంటే పరిశీలిస్తాం. దానర్థం చెత్తబుట్ట అని నాకు నువ్వు చెప్పక్కర్లేదు.”

పొడుగమ్మాయికి నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. నిజానికి ఆ జవాబు రాసి తెరమీద ఆ పేజీ మూసేసి, మళ్ళీ దాన్ని తెరిచిందే లేదు.

“పోనీ, అత్తయ్యగా చెప్పొచ్చుగా?”

“చెబితే ఏం చేస్తావు? అత్తగారు అడిగిందని మార్చేస్తావు. లేకపోతే అత్తగారు అడిగిందనే మార్చవు. రెండూ నాకొద్దు. మేడ బాగుందో లేదో మేడని చూసి చెప్పాలి. నేను గీసినవాటి మీద ఎప్పుడూ నా పేరు లేదు, దానికి నాకేం బాధ లేదు. కానీ ఇవి ఎవరో చెబితే గీసినవి కాదు. నాకు నచ్చినట్టు, నా అంతట నేను కట్టుకున్నవి. ఏ గోడ ఎక్కడుండాలో నేనే అనుకున్నాను. వాటి పైకప్పు ఊడదీసే హక్కు నీకెక్కడిది?”

“లేదు,” అంది పొడుగమ్మాయి.

అత్తగారు ఇంకేదో అనబోయి ఆగిపోయింది. ఇంత తొందరగా ఒప్పుకుంటుందని ఊహించలేదు కాబోలు.

“హక్కు లేదు. మేడలు మీవి. తీసెయ్యమన్నారు, తీసేస్తాను. రేపు కంపెనీవాళ్ళు వచ్చి ‘నత్త ఏది’ అంటే లేదని చెబుతాను. వాళ్ళు వెళ్ళిపోతే వెళ్ళిపోతారు. కానీ అత్తయ్యా, ఎంచుకునేటప్పుడు జనం ఏదో ఒకటి చూడాలి. అదిమాత్రం నేను తీసెయ్యను. నత్త అడిగినా తీసెయ్యను, మీరు అడిగినా తీసెయ్యను.”

“అయితే తీసెయ్ నా మేడలు.”

పొడుగమ్మాయి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ఎన్ని మధ్యాహ్నాలు ఈ మేడల్లో తిరిగింది! ఒక్కొక్కదాన్నీ ఎంచుకుంది. ఖాయమేనా అని గుమ్మం అడిగితే ఖాయమే అంది. నత్త పేరున్న వరస మొత్తం తెరమీంచి మాయమైపోయింది. ఖాళీ అయిన చోటులోకి మిగతా మేడలు జరిగి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి.

అత్తగారు తెరకేసి చూస్తూ, “బతిమాలుతావనుకున్నాను,” అంది.

“బతిమాలితే మాట మార్చుకునే మనిషి కట్టిన మేడలైతే నేను ఇంతలా ఇష్టపడేదాన్ని కాదు.”

ఆ మాట ఆవిడకి ఎక్కడ తగిలిందో గానీ, మొహంలో బిగువు సడలింది. ముందు పెదవి చివర కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. అత్తగారు నవ్వుతోంది! చప్పుడు కాకుండా, కళ్ళు తుడుచుకుంటూ, కుర్చీ చేతులు పట్టుకుని నవ్వుతోంది.

“గేదె అన్నానే నిన్ను!”

“అన్నారు. అదీ తెరుచుకోని తలుపు తోస్తున్నప్పుడు.”

ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో ఆ బల్ల దగ్గర వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

కాసేపటికి అత్తగారే కుర్చీ జరుపుకుని కోడలి పక్కకి వచ్చింది.

“చూడూ. నువ్వన్నది నిజమే, ఏమీ చూపించకపోతే ఎవడూ లోపలికి రాడు. మా ఆఫీసులో కూడా కట్టించుకునేవాళ్ళకి ముందు ప్లాను చూపించేవాళ్ళం కాదు. ఆ గీతలు చూస్తే వాళ్ళకి తల తిరుగుతుంది. వాకిట్లో నిలబడితే ఇల్లు ఎలా ఉంటుందో ఆ బొమ్మ గీసి చూపించేవాళ్ళం. అది చూసి ‘ఆహా’ అన్నాకే మిగతా కాగితాలు తీసేవాళ్ళం.”

పొడుగమ్మాయి తల ఎత్తింది. “పైనుంచి కాకుండా, వాకిట్లోంచి.”

“అవును. మనిషి అడుగుపెట్టగానే కంటికి ఆనేది ఏదో అది.”

“ఇంకోచోట నుంచి చూపిస్తే బాగుంటుంది అనుకుంటే?”

“ఎక్కణ్ణుంచో కట్టినవాళ్ళే చెబుతారు. నీ ఇష్టం కాదు.”

“నా ఇష్టం కాదు,” అని ఒప్పుకుంది పొడుగమ్మాయి, అప్పటికే వేళ్ళు మీటలమీద పరిగెడుతున్నాయి.

ఆ మధ్యాహ్నం ఉల్లిపాయలు తరిగినవి తరిగినట్టే ఉండిపోయాయి. పొడుగమ్మాయి రాస్తూ ఉంటే అత్తగారు పక్కన కూర్చుని చెబుతూనే ఉంది: బొమ్మ చుట్టూ గీత వద్దు, పేరు బొమ్మమీద కాదు కింద ఉండాలి, నర్సుగారి ఆస్పత్రికి వాకిలి కంటే మందులగది బాగుంటుంది, కావాలంటే ఆవిణ్ణి అడుగు. ఒకచోట కోడలు కాదంది. మరోచోట అత్తగారు కాదంది. గొంతులు లేచాయి, తగ్గాయి. మొగుడు ఫోన్ చేసి “నత్త దొరికాడా?” అని అడిగితే, పొడుగమ్మాయి “దొరికాడు, నాకు పనుంది” అని పెట్టేసింది. అతను వెంటనే మళ్ళీ చేశాడు. ఈసారి అత్తగారు తీసి “షాపు చూసుకోరా” అంది.

పటాలు పోయాయి. ప్రతి మేడా ఇప్పుడు తన వాకిలి చూపిస్తూ వరసలో నిలబడింది. పొడుగమ్మాయి కుర్చీ వెనక్కి జరిపి ఒళ్ళు విరుచుకుంది. ఇలా ఉండాలని తనకి ముందే ఎందుకు తట్టలేదా అనిపించింది. అయినా తట్టనందుకు బాధ కలగలేదు. పని బాగా వచ్చిందని తన చేతులకే తెలుస్తోంది. రేపు కంపెనీవాళ్ళు వచ్చినా సరే, వాళ్ళ పెద్దలందరూ కట్టకట్టుకుని వచ్చినా సరే, ఇది చూపించడానికి తనకేం బెరుకు లేదు.

“మరి మీ మేడలు?” అంది.

అత్తగారు లేచి వంటింటి పక్క గదిలోకి వెళ్ళింది. పాత కంప్యూటర్ ముందు మీటలు టకటకలాడాయి. ఇక్కడ బల్లమీద, తెరమీద, నత్త మేడలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. బావి మేడ ఇప్పుడు పైనుంచి కాదు, చీకటి తలుపు ఒకటి కాస్త తెరిచి ఉన్నట్టు కనిపించింది. లోపల ఏముందో ఏమీ తెలియదు. ఇదివరకే ఆడి తెలిసినా కూడా పొడుగమ్మాయికి ఇప్పుడే లోపలికి పోవాలనిపించింది.

ఆవిడ తిరిగి వచ్చి పొయ్యి దగ్గర రెండు కప్పుల కాఫీ కలిపింది. ఒకటి కోడలికిచ్చి కూర్చుంది. “ఇక మీ ఆయన ముందు మాత్రం నన్ను నత్త అనకు. ఆఫీసులో పెట్టిన పేరది, అందరికంటే ఆలస్యంగా ప్లాను ఇచ్చేదాన్నని. ఇంట్లో కూడా...”

మాట సగంలో ఉండగా ల్యాప్‌టాప్ టింగుమంది. కొత్త మేడ ఏదో వచ్చి వరస మొదట్లో చేరింది. కట్టినవారి పేరు: నత్త.

“ఇంకొకటి దాచారా నా దగ్గర!” అంది పొడుగమ్మాయి నవ్వుతూ. “ఎప్పుడు పంపారు?”

“నేనేం పంపలేదే.” అత్తగారు రెండు చేతులతో కప్పు పట్టుకుని ఉంది. “నీ ఎదురుగానే ఉన్నానుగా.”

పొడుగమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు రాసుకోవచ్చు అని వదిలేసిన గుమ్మం ఇది. ఎవరైనా నత్తనని రాసుకోవచ్చు. ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసింది. ఈ ఇంట్లోంచి కాదు. ఈ ఊళ్ళోంచి కూడా కాదు. బొమ్మ పెద్దది చేసింది. గుండ్రటి పెద్ద గది. గోడని ఆనుకుని చుట్టూ మెట్లు తిరుగుతూ పైకి పోతున్నాయి. మెట్ల వెంబడే అరలు, అరల నిండా పుస్తకాలు. పైన ఎక్కడో గాజు పైకప్పులోంచి వెలుతురు దిగుతోంది.

కప్పు సాసరుమీద గట్టిగా చప్పుడైంది. అత్తగారు కాఫీ బల్లమీద పెట్టేసి తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వంగింది.

“ఇది నాది,” అంది. “ఈ గ్రంథాలయం నేనే గీశాను. పెళ్ళికి ముందు. ఎవరూ కట్టలేదు, కాగితం మీదే ఆగిపోయింది. మేడగానైనా కడదామని ఎన్నోసార్లు కూర్చున్నాను. చెయ్యాడలేదు.”

“అయితే ఇంకెవరో ఎలా కట్టారు?”

“దీని సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే.”

“రెండోవాళ్ళెవరు అత్తయ్యా?”

అత్తగారు కోడలి ముందున్న ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుని, ‘లోపలికి’ అన్న బటన్ నొక్కింది.